మేకుకు తగిలించిన గరిటె

కుండలో తెల్లగా ఉడుకుతున్న మొక్కజొన్న గింజల నడుమ ఒక ఎర్రని చార కనిపించినప్పుడు, ఇల్దేతి మొదట తన కన్నులనే శంకించింది. పొయ్యిలోని మంట నీడ కాబోలుననుకొన్నది. కట్టెలను వెనుకకు లాగి మరల చూచింది. చార పోలేదు. మెల్లమెల్లగా విచ్చుకొని, నీటిపైన నారింజరంగు తెట్టుగా తేలింది.

అది నూనె. ఒషాలా నైవేద్యంలో నూనె పడింది.

బ్రెజిల్ దేశంలో, బహియా ప్రాంతంలో, పరగ్వాసూ నది ఒడ్డున కషువేరా అనే ఊరున్నది. పూర్వం ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారు మరే వస్తువును తెచ్చుకోలేకపోయినా తమ దేవతలను మాత్రం తెచ్చుకొన్నారు. ఆ దేవతలను ఒరిషాలంటారు. ఊరి చివర, పనసచెట్ల నడుమ, వారికొక నివాసమున్నది. అక్కడివారు దానిని గుడి అనరు, ఇల్లు అంటారు. ఆ ఇంటికి పెద్ద ఎర్మీనియా. ఎనభై ఒకటవ ఏట ఉన్న ఆమెను అందరూ మాయి అని పిలుస్తారు. ఆ దేశభాషలో అమ్మ అని అర్థం.

ఆనాడు శుక్రవారం, ఒషాలాకు జలాలు తెచ్చే పండుగ.

ఒరిషాలందరికీ తండ్రివంటివాడు ఒషాలా. ఆయనకు తెలుపే ప్రీతి. ఆయన పండుగనాడు అందరూ తెల్లబట్టలే కడతారు. ఆయన వంటలో ఉప్పు పడకూడదు. దెందే అని వారు పిలిచే ఎర్రని పామాయిలు ఆ పొయ్యి దరిదాపులకు కూడా రాకూడదు. దానికొక కథ చెబుతారు. ఒషాలా ఒకప్పుడు షాంగో అనే రాజును చూడబోయాడు. జోస్యుడు ఈ ప్రయాణం వద్దన్నాడు. తప్పదంటే మూడు జతల తెల్లబట్టలు వెంట తీసుకొని పొమ్మన్నాడు. దారిలో ఎషూ అనే కొంటెదేవుడు మూడుసార్లు ఎదురై, ఒకసారి నూనె, ఒకసారి బొగ్గుపొడి, ఒకసారి ఉప్పు ఆయనమీద క్రుమ్మరించాడు. ఆయన పరుషంగా ఒక్క మాటైనా అనలేదు. ప్రతిసారి నదిలో మునిగి, బట్టలు మార్చుకొని నడిచాడు. రాజ్యం చేరగానే భటులు ఆయనను గుర్రపు దొంగ అని పొరబడి చెరలో వేశారు. ఏడేళ్ళు గడిచినవి. సంగతి తెలిసిన రాజు తలవంచి, తన జనులందరికీ తెల్లబట్టలు కట్టించి, నోరు మెదపకుండా నీళ్ళు తెప్పించి ఆయనకు స్నానం చేయించాడు.

ఆ నీళ్ళనే ఈ ఇంటివారు ఏటేటా తెస్తారు. ఆ ఉదయం కూడా మూడుసార్లు ఊటకు పోయి, కుండలు తలకెత్తుకొని, మాటలేకుండా తెచ్చి పోశారు. ఇక తెల్లని మొక్కజొన్న గింజలను ఉడికించి ఆయన ముందు ఉంచడమే మిగిలినది. ఆ పని ఇల్దేతిది.

ఇల్దేతి దీక్ష పొంది తొమ్మిదేళ్ళయింది. వంటింటి నియమాలు ఆమెకు తెలిసినంతగా మాయికి తప్ప మరెవరికీ తెలియవు. నైవేద్యం ముగియగానే వంటింటి తల్లి అనే పదవిని ఆనాడే ఆమెకు అప్పగిస్తారని అందరికీ తెలుసు. ఆమె కొరకు చేయించిన కొత్త కుర్చీ, పైన తెల్లని గుడ్డ కప్పుకొని, సభామందిరంలో ఒక ప్రక్కన సిద్ధంగా ఉన్నది. తొమ్మిదేళ్ళుగా ఆమె చాపమీదనే కూర్చున్నది. కుర్చీ పెద్దలకే.

ఇప్పుడు ఆమె తన చేతిలోని గరిటెను చూచింది. దేవుని గరిటె కాదు. అది వాల్దెలీసి గరిటె.

* * *

వాల్దెలీసి కథ ముందునాటిది.

ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. నలభయ్యేళ్ళనుండి రైలుస్టేషను ఎదుట బండి పెట్టుకొని, దెందే నూనెలో అకరజేలు వేయించి అమ్ముతున్నది. అకరజే అంటే మన అలసంద వడవంటిదే. దీక్ష పొంది మాత్రం ఇంకా ఏడాది నిండలేదు. ఆ ఇంట వయస్సును పుట్టిననాటినుండి లెక్కించరు, దీక్షనాటినుండి లెక్కిస్తారు. అందుచేత ముప్ఫైనాలుగేళ్ళ ఇల్దేతి పెద్ద, అరవై ఎనిమిదేళ్ళ వాల్దెలీసి చిన్న. ఇల్దేతి ఎదురైనప్పుడల్లా వాల్దెలీసి మోకరిల్లి, వ్రేళ్ళతో నేలను తాకి, దీవెన అడగాలి. పెద్దామె దీవించేదాకా చిన్నామె లేవకూడదు.

గురువారం సాయంకాలం వాల్దెలీసి ఒక పొడవాటి కొయ్యగరిటెను పట్టుకొని వంటింట్లోకి వచ్చింది.

"ఇదేమిటి?" అన్నది ఇల్దేతి.

"గరిటె, అమ్మా. రేపటిది పెద్ద కుండ కదా, ఇంట్లోది అడుగుదాకా అందదేమోనని తెచ్చాను."

"ఎక్కడిది?"

"నా బండిది. రెండు రోజులు ఇసుకపెట్టి తోమాను. చూడండి, ఎంత తెల్లగా ఉన్నదో."

"బండిలో దీనితో ఏమి చేస్తావు?"

వాల్దెలీసి నవ్వింది. ఆ ఊళ్ళో ఆ ప్రశ్న అడిగినవారు ఇంతవరకు లేరు. "అకరజేలు వేస్తాను, అమ్మా. పోయిన వారమే మీరూ తిన్నారు. కారం మరికాస్త దట్టించమన్నారు."

కూరలు తరుగుతున్నవారు కిసుక్కుమన్నారు. ఇల్దేతి నవ్వలేదు.

"నలభయ్యేళ్ళు దెందేలో మునిగిన గరిటెను ఒషాలా వంటింట్లోకి తెచ్చావు. దీనిని తెలియనితనం అనరు, లెక్కలేనితనం అంటారు. పండుగ ముగిసేదాకా ఈ గడప దాటవద్దు. పెరడు ఊడుస్తూ ఉండు."

"ఇసుకతో తోమాను కదా, అమ్మా."

"కొయ్య నూనె త్రాగుతుంది. త్రాగినదానిని ఇసుక కక్కించదు."

వాల్దెలీసి మోకాలిని చేత్తో పట్టుకొని వంగి, నేలను తాకి, బయటికి వెళ్ళిపోయింది.

ఇల్దేతి అంతటితో ఆగలేదు. ఒషాలా గరిటెను వ్రేలాడదీసే మేకు తలుపు ప్రక్కనే ఉన్నది. అక్కడి గరిటెను తీసి, వాల్దెలీసి తెచ్చినదాని గాలి సోకి ఉంటుందని మరల కడిగి, కిటికీలో ఆరబెట్టింది. ఖాళీ అయిన మేకుకు వాల్దెలీసి గరిటెను తగిలించింది. వచ్చేపోయే ప్రతివారికి కనపడాలి, మరొకరు ఇటువంటి పని చేయకూడదు అన్నది.

శుక్రవారం ఉదయం ఆమె ఎవరినీ వంటింట్లోకి రానీయలేదు. ఒకరి చేయి పడితే ఒక పొరపాటు జరుగుతుందన్నది. ఒంటరిగా నిప్పు రాజేసింది, ఒంటరిగా గింజలు పోసింది. కుండ పొంగుకు వచ్చినప్పుడు చేయి చాచింది. తొమ్మిదేళ్ళ అలవాటు; చేయి కళ్ళను అడగలేదు. నేరుగా మేకు దగ్గరికి పోయింది.

* * *

ఆమె చాలాసేపు కుండ ముందు నిలుచున్నది.

పారబోయడానికి లేదు. మరల వండాలంటే నానిన గింజలు కావాలి. నానడానికి ఒక రాత్రి పడుతుంది. మందిరంలో అరవైమంది, మద్దెలవారితో సహా, ఉపవాసంతో కూర్చున్నారు. ఆ అరవైమంది ఎదుట పోయి ఏమని చెప్పాలి? నిన్న ఒక ముసలిదానిని గరిటె తెచ్చినందుకు వెలివేశాను, ఈనాడు ఆ గరిటెనే కుండలో ముంచాను అని చెప్పాలా?

భుజంమీది తెల్లని వస్త్రాన్ని తీసి, దాని అంచును నీటిపైన పరచింది. నూనె గుడ్డకంటుకొని వచ్చింది. మరొకసారి పరచింది. మూడవసారికి నీరు తేటపడింది. గింజలు మల్లెమొగ్గలవలె ఉన్నవి. ఎవరు చూచినా ఏమీ కనిపించదు. వస్త్రాన్ని మరక లోపలికి పోయేటట్లు మడిచి నడుములో దోపుకొన్నది. గింజలను వార్చి తెల్లని పింగాణీ గిన్నెలోకి తీసి, మూతపెట్టి, రెండు చేతులతో ఎత్తుకొని బయలుదేరింది.

మందిరానికి పెరటిగుండా పోవాలి.

పెరట్లో వాల్దెలీసి పనసాకులు ఊడుస్తున్నది. ఇల్దేతిని చూడగానే చీపురు ప్రక్కన పెట్టింది. తడికెను పట్టుకొని ఒక మోకాలు, ఆ తరువాత రెండవ మోకాలు నేల కానించింది. వ్రేళ్ళతో మట్టిని తాకి నొసటికి అద్దుకొన్నది.

"దీవించండి, అమ్మా."

దానికి చెప్పవలసిన మాట ఒక్కటే: ఒషాలా నిన్ను దీవించుగాక. ఇల్దేతి ఈ తొమ్మిదేళ్ళలో ఆ మాటను ఎన్ని వేలసార్లు అన్నదో ఆమెకే తెలియదు. నోరు తెరచింది. గిన్నె రొమ్ముకు వెచ్చగా తగులుతున్నది. నడుములోని గుడ్డ తడి చర్మానికి అంటుకొన్నది.

ఒషాలా అనే పేరు ఆమె నోట రాలేదు.

మరల ప్రయత్నించింది. రాలేదు. వాల్దెలీసి తల వంచుకొని వేచి ఉన్నది. ఇల్దేతి వెనుదిరిగి, మందిరం వైపు కాక, మాయి గదివైపు నడిచింది.

* * *

మాయి ఎర్మీనియా కిటికీ దగ్గర కూర్చుండి, తెగిన తెల్లపూసల దండను మరల గ్రుచ్చుతున్నారు.

"అయిందా?" అన్నారు, తల ఎత్తకుండానే.

"అయింది, మాయి. కాని పాడయింది."

ఇల్దేతి గిన్నెను ఆమె ముందు పెట్టింది. నడుములోని వస్త్రాన్ని తీసి, మరక పైకి వచ్చేటట్లు విప్పి, గిన్నె ప్రక్కన పరచింది. జరిగినదంతా చెప్పింది. గరిటెను మేకుకు ఎందుకు తగిలించిందో కూడా దాచలేదు.

మాయి మూతతీసి చూచారు. "తెల్లగానే ఉన్నదే."

"తెట్టంతా తీసేశాను. ఎవరూ కనిపెట్టలేరు."

"మరి నాకెందుకు చెబుతున్నావు?"

"వాల్దెలీసి దీవెన అడిగింది. ఆయన పేరు నా నోట రాలేదు."

మాయి దారం చివర ముడివేసి, పూసలను ఒడిలోనుండి తీసి బల్లమీద పెట్టారు. గిన్నెను ముక్కు దగ్గరికి తెచ్చుకొని వాసన చూచారు.

"మంచి నూనె వాడుతుంది," అన్నారు. "పద."

ఇల్దేతి భుజం పట్టుకొని ఆమె వంటింట్లోకి వచ్చారు. నీళ్ళ జాడీల వెనుక, గోడవార, క్రింది అరలో తెల్లని గుడ్డ కప్పిన కుండ ఒకటి ఉన్నది. ఇల్దేతి దానిని ఏళ్ళతరబడి అక్కడ చూస్తూనే ఉన్నది. మంచినీళ్ళ కుండ అనుకొన్నది. మాయి వంగి గుడ్డ తొలగించారు.

కుండనిండా మొక్కజొన్న గింజలు, నాని, ఉబ్బి, తెల్లగా ఉన్నవి.

ఇల్దేతి నేలమీద కూలబడింది.

"ఎప్పుడు నానబెట్టారు?"

"నిన్న సాయంకాలం. నువ్వు గరిటెను మేకుకు తగిలిస్తున్నప్పుడు."

"నేను తప్పు చేస్తానని మీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది? ప్రతి ఏడూ నానబెడతాను."

"ప్రతి ఏడూనా? మరి అవన్నీ ఏమయినవి?"

"పండుగ మరునాడు కొబ్బరిపాలు పోసి పాయసం చేస్తాను కదా. తొమ్మిదేళ్ళుగా రెండేసి గిన్నెలు త్రాగుతున్నావు. ఎక్కడినుండి వచ్చిందనుకొన్నావు?"

"నైవేద్యంలో మిగిలిన గింజలనుకొన్నాను."

"నైవేద్యంలో మిగలదు, బిడ్డా. మా గురువు మూడు కుండలు నానబెట్టేవారు. నేను ఒకటి తగ్గించాను. అంతకు మించి గర్వపడడానికి నాకు ధైర్యం చాలలేదు."

ఇల్దేతి కుండవైపు చూస్తూ ఉండిపోయింది. "మీరు ఎన్నడూ తప్పు చేయలేదు కదా, మాయి. మీకు రెండవ కుండ ఎందుకు?"

"ఆయన ఏమి చేశాడు? మూడు జతల బట్టలు తీసుకొని బయలుదేరాడు."

ఇల్దేతి కళ్ళు తుడుచుకొన్నది. అంతలో మరొక భయం కలిగింది. "ఇవి ఉడకడానికి గంటన్నర పడుతుంది. అందరూ కనిపెట్టుకొని ఉన్నారు. ఆయన కూడా..."

"ఏడేళ్ళు చెరలో కూర్చున్నవాడు గంటన్నర కూర్చోలేడా? నిప్పు చూడు."

ఇల్దేతి లేచి, కుండను తోమి కడిగి, కట్టెలను ముందుకు త్రోసింది. మాయి కిటికీలో ఆరిన దేవుని గరిటెను తీసుకొంటూ, కిటికీలోనుండి పెరట్లోకి చూచారు. చూస్తూ అలాగే నిలుచున్నారు.

"దీవెన అడిగిందన్నావు. ఇచ్చావా?"

ఇల్దేతి చేతిలోని కట్టె జారిపడింది.

* * *

వాల్దెలీసి అక్కడే ఉన్నది. మోకాళ్ళమీద, తల వంచుకొని, వ్రేళ్ళు నేలకు ఆనించి. ఎండ పనసచెట్టు నీడను దాటి ఆమె వీపుమీదికి వచ్చింది. ఊడ్చిన ఆకులు గాలికి మరల చెదరి ఆమె చుట్టూ చేరినవి.

ఇల్దేతి పరుగెత్తింది.

"ఇంకా లేవలేదేమి?"

"మీరు లెమ్మనలేదు కదా, అమ్మా. మరచిపోయారో, నిన్నటి కోపం పోలేదో తేల్చుకోలేక ఉండిపోయాను. నాకేమీ పరవాలేదు. ఈ మోకాళ్ళే మధ్యమధ్య మీ పేరు తలచుకొన్నవి."

"ఏమని?"

"పండుగపూట అటువంటి మాటలు పలకకూడదు."

ఇల్దేతి ఆమె ఎదుట తానూ మోకరిల్లింది. పెద్దవారు చిన్నవారి ముందు అలా చేయరు. వాల్దెలీసి కంగారుపడి అటూ ఇటూ చూచింది. ఇల్దేతి ఆమె చంకల క్రింద చేతులు వేసి, బరువంతా తనమీద తీసుకొని, మెల్లగా లేవదీసింది. లేవదీస్తూ అన్నది:

"ఒషాలా నిన్ను దీవించుగాక."

ఈసారి పేరు తడబడలేదు.

"మిమ్మల్ని కూడా, అమ్మా," అన్నది వాల్దెలీసి, మోకాళ్ళు దులుపుకొంటూ.

"లోపలికి రా. కుండ కలపాలి."

"పండుగ ముగియలేదు కదా. గడప దాటవద్దన్నారు."

"నీ గరిటెను కుండలో ముంచింది నేనే."

వాల్దెలీసి ఆమె ముఖంలోకి చూచింది. పరాచికం కాదని తెలిసింది. పమిటవలె భుజంమీద వేసుకొన్న గుడ్డను నోటికి అడ్డం పెట్టుకొన్నది.

"రెండు రోజులు తోమాను," అన్నది చివరకు. "కొయ్య నా మాట వినలేదు. మేకుకు కట్టారు కదా, మీ మాటైనా వింటుందనుకొన్నాను."

ఇల్దేతి నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు కూడా ఉన్నది. దానిని దాచుకోవడానికి ఆమె ప్రయత్నించలేదు.

* * *

వంటింట్లో మాయి దేవుని గరిటెను ఇల్దేతికి అందించారు. ఇల్దేతి దానిని వాల్దెలీసి చేతికిచ్చింది. వాల్దెలీసి రెండు చేతులతో పుచ్చుకొని, గరిటెను కాదు, మాయిని చూచింది. మాయి ఆ సమయంలో పొగకు కళ్ళు నులుముకొంటూ ఉన్నారు.

ముగ్గురూ కుండ చుట్టూ కూర్చున్నారు. గింజలు ఒకటొకటిగా పగిలి మెత్తబడినవి.

"పాత గరిటెను పొయ్యిలో వేయనా, మాయి?" అన్నది ఇల్దేతి.

"ఎందుకు? వచ్చే బుధవారం ఇయాన్సాకు అకరజేలు వేయించాలి. గాలిదేవత, ఆమెకు దెందే లేనిదే ముద్ద దిగదు. నలభయ్యేళ్ళ అనుభవం ఉన్న గరిటెను పొయ్యిలో వేస్తే ఆమె ఊరుకొంటుందా?"

"గరిటె ఒక్కటే వస్తే చాలదు, మాయి," అన్నది వాల్దెలీసి. "దానికి నా చేయి అలవాటు."

"అయితే చేతిని కూడా తీసుకొని రా."

పింగాణీ గిన్నెలోని నూనె సోకిన గింజలను మాయి వీధిగుమ్మం బయట కూర్చున్న బిచ్చగాళ్ళకు పంపారు. వారికి వ్రతం లేదు. గిన్నె తిరిగి వచ్చినప్పుడు అడుగు నాకినట్లున్నది.

గంటన్నర ఆలస్యంగా, రెండవ కుండలోని నైవేద్యం ఒషాలా ముందుకు చేరింది. ఆవిరి పైకి లేచింది. మద్దెలలు మెల్లగా మొదలయినవి. ఆలస్యమెందుకయిందని ఎవరూ అడగలేదు. అడగకముందే ఇల్దేతి లేచి, అరవైమంది ఎదుట, గరిటె సంగతి, మరక సంగతి తానే చెప్పింది. మద్దెలవారిలో పెద్దవాడు, "అందుకేనా అటునుంచి అంత కమ్మని వాసన వచ్చింది," అన్నాడు. కొందరు నవ్వారు. ఆకలి మీద ఉన్నవారి నవ్వు అది.

ఇల్దేతి మాయి దగ్గరికి వచ్చి, చాపమీద కూర్చుండి, ఆమె చెవిలో అన్నది:

"ఆ కుర్చీని ఈ ఏడాదికి తీయించి దాచండి, మాయి. వంటిల్లు నాకప్పగించవద్దు."

"నిన్న సాయంకాలంనుండి, నువ్వు ఆ గిన్నెతో నా గదికి వచ్చేదాకా, నేనూ అదే అనుకొన్నాను," అన్నారు మాయి ఎర్మీనియా.

చేతికర్ర సహాయంతో లేచి, కుర్చీ దగ్గరికి నడిచి, దానిమీద కప్పిన తెల్లని గుడ్డను తొలగించారు.